బ్యాటింగ్ ప్యాకెట్ కొనాలా, రోల్ నుంచి కట్ చేయించుకోవాలా?

నేను కుట్టిన మొదటి బేబీ క్విల్ట్ (పసిపాప బొంత) టాప్, అంటే పైపొర, 40 అంగుళాల వెడల్పు, 50 అంగుళాల పొడవు వచ్చింది. అమ్మవి రెండు పాత మంగళగిరి చీరలు, ఇక్కడ టెక్సాస్‌లో కొన్న తెల్ల కాటన్ కలిపి కుట్టాను. మా ఆడపడుచు కూతురికి. షాపుకెళ్లి "క్రిబ్" (పసిపిల్లల మంచం) అని రాసున్న బ్యాటింగ్, అంటే లోపల పరిచే దూది పొర, ప్యాకెట్ తెచ్చుకున్నాను. కుట్టేది పసిపాపకి, ప్యాకెట్ మీద ఉన్నదీ అదే పేరు, ఇంకేం చూడాలి అనుకున్నాను. ఇంటికొచ్చి నేల మీద పరిచి టేపు పెడితే వెడల్పు 45 అంగుళాలుంది. చుట్టూ మూడేసి అంగుళాలు వదలాలంటే నాకు కావాల్సింది 46. ఒక్క అంగుళమే కదా అని మొదలుపెట్టాను. కుడుతున్నకొద్దీ మూడు పొరలూ కొంచెం కొంచెం జరుగుతాయి, లోపలికి లాక్కుంటాయి. చివరికి ఒక మూల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే టాప్ కింద బ్యాటింగే లేదు. కుట్లు విప్పి, అక్కడ ఒక పీలిక అతికి, బార్డర్ కాస్త కత్తిరించి సరిచేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

ఆ తర్వాత ఇన్నేళ్లలో ప్యాకెట్లూ వాడాను, రోల్ నుంచీ కట్ చేయించుకున్నాను, ఒకసారి మొత్తం రోల్ కూడా కొన్నాను. ఏది మంచిది అని అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. ధర చూసేముందు టేపు తీయండి. పేరుని నమ్మకండి, అంగుళాలని నమ్మండి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం రెండు మాటలు. టాప్‌కీ అడుగున వేసే బ్యాకింగ్ బట్టకీ మధ్య పరిచే దూది పొరని బ్యాటింగ్ అంటారు. మన ఇళ్లలో బొంత కుట్టేటప్పుడు ఆ పని పాత చీరలు, పాత పంచెలు చేసేవి. అమెరికాలో ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. కంపెనీయే మంచం సైజుల లెక్కన కత్తిరించి, మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మేది ప్యాకెట్. వెడల్పాటి పొరని అట్టకో గొట్టానికో చుట్టి పెట్టుకుని, మనం అడిగినంత పొడవు షాపువాళ్లు కత్తిరించి ఇచ్చేది రోల్. ఒకే కంపెనీ అదే బ్యాటింగ్‌ని రెండు విధాలా అమ్మడం మామూలే. కాబట్టి రోల్‌లోది నాణ్యమైనది, ప్యాకెట్‌లోది నాసిరకం అన్న మాట నిజం కాదు. మీరు డబ్బు పెట్టిన అంగుళాల్లో ఎన్ని క్విల్ట్‌లోకి వెళ్తాయి, ఎన్ని అల్మారాలో మిగిలిపోతాయి అన్నదే అసలు తేడా.

ఇంకో సంగతి. రోల్ కొలత యార్డుల్లో చెప్తారు. యార్డ్ అంటే మన గజమే, ఆరు గజాల చీర అన్నప్పుడు అనే గజం. 36 అంగుళాలు. ఇకనుంచి గజం అనే రాస్తాను.

ముందు మీకు ఎంత కావాలో రాసుకోండి

టాప్ కుట్టడం పూర్తయి ఇస్త్రీ చేశాకే కొలవండి. డిజైన్ పుస్తకంలో ఉన్న కొలతకీ, మన చేతిలో తయారైనదానికీ ఒకటి రెండు అంగుళాల తేడా వస్తుంది. వెడల్పుని పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి, వాటిలో ఎక్కువున్నది తీసుకోండి. పొడవు కూడా అలాగే.

దానికి చుట్టూ వదలాల్సింది కలపండి. ఇంట్లో మామూలు కుట్టు మిషన్ మీద క్విల్టింగ్ (మూడు పొరలూ కలిపి కుట్టడం) చేసుకునేవాళ్లయితే ప్రతి వైపూ 3 అంగుళాలు, అంటే వెడల్పుకి 6, పొడవుకి 6. క్విల్టులని పెద్ద ఫ్రేము మీద కుట్టే లాంగ్‌ఆర్మ్ మిషన్ ఉన్నవాళ్లకి ఇచ్చి చేయించుకుంటే చాలామంది ప్రతి వైపూ 4 అంగుళాలు అడుగుతారు. పొరల్ని ఫ్రేముకి బిగించడానికి ఆ మాత్రం ఉండాలి. అప్పుడు రెండు కొలతలకీ 8 చొప్పున కలపాలి. గోడకి వేలాడదీసే చిన్నవాటికి రెండేసి అంగుళాలు చాలు.

సోఫా మీద కప్పుకునే త్రో 60 × 70 అనుకోండి. లాంగ్‌ఆర్మ్‌కి ఇస్తారు. మీకు కావాల్సిన బ్యాటింగ్ 68 × 78. ఈ రెండంకెలు ఫోన్‌లో రాసుకోండి. షాపులో మీరు వెతకాల్సింది వీటినే.

ప్యాకెట్ సైజుని గజాల్లోకి మార్చి చూడండి

ప్యాకెట్ల మీద ఉండే సైజులు ఇంచుమించు ఇలా ఉంటాయి. క్రాఫ్ట్ 36 × 45, క్రిబ్ 45 × 60, ట్విన్ 72 × 90, ఫుల్ 81 × 96, క్వీన్ 90 × 108, కింగ్ 120 × 120. కంపెనీని బట్టి కొన్ని అంగుళాలు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి సంచి మీద అంకెలు తప్పకుండా చదవండి.

ఇప్పుడు ఈ అంకెల్ని కాస్త పరీక్షగా చూడండి. ట్విన్‌లో 72 అంటే సరిగ్గా రెండు గజాలు. అంటే ట్విన్ ప్యాకెట్, 90 అంగుళాల వెడల్పు రోల్ నుంచి కత్తిరించిన రెండు గజాలు, రెండూ ఒకే ముక్క. క్వీన్‌లో 108 అంటే మూడు గజాలు, కాబట్టి అదే రోల్ నుంచి మూడు గజాలు తీసుకుంటే క్వీన్ ప్యాకెట్ అవుతుంది. ఫుల్‌లో 81 అంటే రెండుంపావు గజాలు, 96 వెడల్పు రోల్ మీద. ఈ సంగతి తెలిశాక నాకు షాపులో ధరల గందరగోళం సగానికి సగం తగ్గింది. రోల్ గజం 12 డాలర్లు, ట్విన్ ప్యాకెట్ 30 డాలర్లు అనుకుందాం. ఆ ముక్కే రోల్ నుంచి 24 డాలర్లకి వస్తుంది. అదే ప్యాకెట్ మీద నలభై శాతం తగ్గింపు కూపన్ ఉంటే 18 అవుతుంది, అప్పుడు ప్యాకెట్ తీసుకోవాలి. ఇవి ఊరికే ఉదాహరణకి వేసిన ధరలు. మీ ఊళ్లో ఆ రోజు ధరలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

వెడల్పులు కలవనప్పుడు చదరపు గజాల్లో పోల్చాలి. రోల్ వెడల్పుని 36తో భాగిస్తే గజం పొడవుకి ఎన్ని చదరపు గజాలో వస్తుంది. 90 వెడల్పుకి 2.5, 96కి 2.67 దాకా, 120కి 3.33. ప్యాకెట్లలో క్రిబ్ 2.08 చదరపు గజాలు, ట్విన్ 5, క్వీన్ 7.5, కింగ్ 11.1. ధరని దీనితో భాగించండి. చిన్న ప్యాకెట్ల దగ్గర ఈ లెక్క కళ్లు తెరిపిస్తుంది. చూడ్డానికి తక్కువ ధరే అనిపిస్తుంది గానీ, చదరపు గజానికి చూస్తే తరచు అదే అన్నిటికన్నా ఖరీదు.

అలాగని చదరపు గజం చవగ్గా ఉన్నదల్లా మనకి చవక కాదు. అది తర్వాతి పనిలో తేలుతుంది.

కాగితం మీద పరిచి చూడండి

ఈ ఒక్క పని మాత్రం వదిలేయకండి. పది నిమిషాలు పడుతుంది. గళ్ల కాగితం మీద రోల్ వెడల్పు గీసి, మీ ముక్కని దాని మీద రెండు రకాలుగా, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, పెట్టి చూడండి.

మన త్రో 68 × 78 తీసుకుందాం. రోల్ 96 వెడల్పు. 78ని వెడల్పులో సర్దితే పొడవు 68 చాలు, రెండు గజాల్లో వచ్చేస్తుంది. అదే 68ని వెడల్పులో పెడితే పొడవు 78 కావాలి, రెండుంపావు గజాలు కొనాలి. ముక్కని తిప్పి పెట్టినందుకే పావు గజం మిగిలింది. పక్కన 18 అంగుళాల పట్టీ కూడా మిగులుతుంది, దానితో టేబుల్ రన్నర్ కుట్టుకోవచ్చు. ఈ త్రో 72 × 90 ట్విన్ ప్యాకెట్‌లోనూ హాయిగా సరిపోతుంది. కాబట్టి ఒక్క త్రో కుట్టేవాళ్లకి రెండూ ఒకటే, ఆ రోజు ఏది చవగ్గా ఉంటే అది.

బేబీ క్విల్ట్‌కి వచ్చేసరికి కథ మారుతుంది. 40 × 50 టాప్‌కి కావాల్సింది 46 × 56. 96 వెడల్పు రోల్ మీద 46, 46 పక్కపక్కన పెడితే 92. రెండు క్విల్టులకి ఒకే పొడవు, 56 అంగుళాలు. ఒకటిన్నర గజం అంటే 54 అంగుళాలే, రెండంగుళాలు చాలదు. ఒకటీ ముప్పావు గజం అడగండి. అదే 90 వెడల్పు రోల్ అయితే రెండూ పక్కపక్కన పట్టవు, 56ని వెడల్పులో పెట్టి, ఒకదాని కింద ఒకటి వచ్చేలా 92 అంగుళాలు కొనాలి. ఆరంగుళాల వెడల్పు తేడాకి గజం ఎక్కువ కొనాల్సి వస్తోంది చూడండి. మా స్నేహితుల్లో ఏటా రెండు మూడు శ్రీమంతాలుంటాయి. అందుకని నేను బేబీ క్విల్టులకి 96 వెడల్పు రోల్ ఉన్న షాపుకే వెళ్తాను, ఎప్పుడూ రెండేసి ముక్కలు తీసుకుంటాను.

ఇక పెద్ద మంచం. క్వీన్ మంచానికి ఇరువైపులా కాస్త దిగేలా 92 × 96 కుట్టారనుకుందాం. లాంగ్‌ఆర్మ్‌కి 100 × 104 కావాలి. క్వీన్ ప్యాకెట్ 90 × 108. వెడల్పు చాలదు. క్వీన్ మంచం క్విల్ట్‌కి క్వీన్ ప్యాకెట్ చాలకపోవడం, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆ పేరు పరుపుని చూసి పెట్టింది, అంచుల దగ్గర దిగేదాన్నీ చుట్టూ వదిలేదాన్నీ చూసి కాదు. కింగ్ ప్యాకెట్ కొంటే 120 × 120లో ఒక పక్క 16, ఇంకో పక్క 20 అంగుళాలు మిగిలిపోతుంది. 108 వెడల్పు రోల్ ఉంటే 104ని వెడల్పులో పెట్టి 100 అంగుళాల పొడవు, అంటే మూడు గజాల్లోపే అయిపోతుంది. మంచం క్విల్టులకి నా ఓటు రోల్‌కే.

చేత్తో చూడనిది రోల్ కొనకండి

ఏ రకం బ్యాటింగ్ మీ చేతికి, మీ మిషన్‌కి, మీ బట్టలకి సరిపడుతుందో తెలిసేదాకా చిన్న ప్యాకెట్లే సరైనవి. చదరపు గజానికి ఖరీదు అన్నాను కదా, అయినా ఇక్కడ ఆ ఖర్చు దండగ కాదు. రెండు మూడు రకాల క్రాఫ్ట్ ప్యాకెట్లు తెచ్చి, ఒక్కోదాని నుంచి పన్నెండంగుళాల చదరం తీసి, మీరు నిజంగా వాడబోయే బట్టతో చిన్న క్విల్ట్ కుట్టండి. ఉతకండి, ఆరబెట్టండి, మళ్లీ టేపు పెట్టండి.

నేను ఎక్కువగా వాడిన రెండిటి గురించి చెప్తాను. వార్మ్ అండ్ నేచురల్ కాటన్‌ది, సూదులతో గుచ్చి గట్టిపరిచింది, లోపల స్క్రిమ్ అనే సన్నని వల లాంటి పొర ఉంటుంది. ఆ వల వల్ల కుట్టు వరసల మధ్య 10 అంగుళాల దాకా ఖాళీ వదలొచ్చు. హాబ్స్ 80/20లో ఎనభై శాతం కాటన్, ఇరవై శాతం పాలిస్టర్. ఈ కంపెనీ మా టెక్సాస్‌లోని వేకోలోనే ఉంది. చేతికి మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, కానీ వరసలు 4 అంగుళాలకి మించి దూరం ఉండకూడదు. రెండూ ఉతికితే మూడు నుంచి ఐదు శాతం దాకా కుదించుకుంటాయి. 60 అంగుళాల క్విల్ట్ 57, 58 అవుతుంది. ఆ కుదింపుతో వచ్చే సన్నని ముడతల కోసమే కాటన్ వాడేవాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకదాన్ని.

చీరలతో కుట్టేవాళ్లు మరో రెండు సంగతులు చూసుకోవాలి. క్విల్టింగ్ కాటన్‌తో పోలిస్తే మన చేనేత చీరల నేత పలచన, వాడి వాడి మెత్తబడ్డవైతే మరీను. లోపలి దూది పోగులు నేతలోంచి బయటికి తొంగిచూస్తాయి. నల్ల చీర, ముదురు నీలం చీర మీద తెల్లటి నూగు పట్టినట్టు కనిపిస్తుంది. ముదురు రంగులకి నల్ల బ్యాటింగ్ దొరుకుతుంది, అది వాడండి. రెండోది, బ్లీచ్ చేయని బ్యాటింగ్ మీగడ రంగులో ఉండి, అక్కడక్కడ పత్తిగింజ పొట్టు చుక్కలుంటాయి. లేత రంగు పలచని చీర కింద ఆ చుక్కలు కనబడతాయి. వాటికి బ్లీచ్ చేసిన తెల్ల బ్యాటింగ్ తీసుకోండి. నల్లది, తెల్లది ఎప్పుడో ఒకసారే కావాల్సినవి కాబట్టి వాటిని ప్యాకెట్‌గానే కొనడం మేలు.

లేబుల్

ప్యాకెట్‌తో ఉన్న పెద్ద సుఖం ఇదే. దేనితో చేసింది, ఎంత కుదించుకుంటుంది, కుట్టు వరసల మధ్య ఎంత దూరం వదలొచ్చు, ఎలా ఉతకాలి అన్నీ సంచి మీదే ఉంటాయి. రోల్ నుంచి కట్ చేయించుకున్న ముక్కకి అలాంటిదేమీ రాదు. రోల్ చివర అంటించిన లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆరు నెలల తర్వాత అల్మారాలోంచి ఆ ముక్క తీసినప్పుడు ఇది 4 అంగుళాలదా, 10 అంగుళాలదా అని చేత్తో తడిమి చెప్పడం కష్టం.

ప్యాకెట్ సంచి గురించి నాకు ఇష్టమైన ముచ్చట ఒకటుంది. సిన్సినాటిలో 1846లో మొదలైన స్టెర్న్స్ అండ్ ఫోస్టర్ కంపెనీ మౌంటెన్ మిస్ట్ పేరుతో బ్యాటింగ్ అమ్మేది. అది చుట్టి ఇచ్చే కాగితం మీదే క్విల్ట్ డిజైన్లు అచ్చువేసేవారు. దూది క్విల్ట్‌లోకి వెళ్లిపోయాక కూడా ఆ కాగితాలు దాచుకున్నవాళ్లున్నారు, ఇప్పటికీ పాత క్విల్టులతోపాటు అవీ బయటపడుతుంటాయి.

షాపులో, ఆన్‌లైన్‌లో కట్ చేయించుకునేటప్పుడు

2025లో బట్టలు, కుట్టు సామాను అమ్మే జోఆన్ షాపులన్నీ మూతపడ్డాక, వెళ్లి రోల్ నుంచి కట్ చేయించుకునే చోట్లు చాలా ఊళ్లలో తగ్గాయి. ఊళ్లో క్విల్ట్ షాపు ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. ఒక గజం విప్పించి చూడండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే పలచబడ్డ చోట్లు, గడ్డకట్టిన చోట్లు తెలిసిపోతాయి. అన్నిటికన్నా పైనున్న చుట్టు దుమ్ము పట్టి, అందరి చేతులూ పడి ఉంటుంది. అలా ఉంటే కొంచెం వదిలి కత్తిరించమని మర్యాదగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. వెడల్పు రోల్‌ని మధ్యకి మడిచి చుడతారు కాబట్టి కత్తిరింపు రెండు పొరల మీద పడుతుంది, ఒక్కోసారి వంకరగా వస్తుంది. మీ లెక్క కన్నా రెండంగుళాలు ఎక్కువ తీసుకుంటే ఆ వంకర మీ క్విల్ట్‌లోకి రాదు.

ఆన్‌లైన్‌లో రెండు చోట్ల మోసపోకండి. కొన్ని షాపుల్లో సంఖ్య 1 అని పెడితే గజం కాదు, అరగజం. ఇంకోటి, మూడు గజాలు ఆర్డర్ పెడితే ఒకే ముక్కగా వస్తుందో లేదో ముందే అడగండి. నాకు ఒకచోట నుంచి రెండు గజాలు, ఒక గజం విడివిడిగా వచ్చాయి. మంచం క్విల్ట్‌కి అలా వస్తే అతుకు తప్పదు.

లాంగ్‌ఆర్మ్‌కి ఇచ్చేవాళ్లయితే అసలు కొనేముందు ఆ మిషన్ ఉన్నవాళ్లనే అడగండి. చాలామంది తమ దగ్గర రోల్ పెట్టుకుని, మీ క్విల్ట్‌కి పట్టినంతవరకే లెక్కకట్టి తీసుకుంటారు. మిగులు అన్న మాటే ఉండదు. మనం మోసుకెళ్లే పనీ తప్పుతుంది.

మొత్తం రోల్ ఎప్పుడు కొనాలి

ఒకే రకం బ్యాటింగ్‌తో వరసగా నాలుగైదు క్విల్టులు కుట్టి ఉండాలి, ఇంకా అదే వాడాలనిపించాలి, పెట్టుకోవడానికి చోటుండాలి. ఈ మూడిట్లో ఏది లేకపోయినా ఆగండి. 96 వెడల్పు, 30 గజాల రోల్ అంటే 1080 అంగుళాల పొడవు. మన త్రో లెక్కన, 68 చొప్పున, పదిహేను త్రోలు. ఏడాదికి మూడు కుట్టేవాళ్లకి ఐదేళ్లు ఆ రోల్ ఇంట్లో నిలబడి ఉంటుంది. ఈలోపు మీ ఇష్టం మారొచ్చు.

నేను కొన్నది వంటింటి పక్క క్లోజెట్‌లో నిలబెట్టాను. దాని ప్లాస్టిక్ తొడుగు ఒకవైపు చిరిగి ఉంది, పట్టించుకోలేదు. మూడు నెలల తర్వాత కత్తిరిద్దామని విప్పితే పైచుట్ల నిండా పోపు వాసన. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు. కాటన్ కదా, పీల్చేసుకుంది. క్విల్ట్ పూర్తయ్యాక ఉతికితే పోయింది గానీ, కుడుతున్నన్ని రోజులూ ఇస్త్రీపెట్టె ఆవిరి తగిలినప్పుడల్లా ఆ వాసన లేచేది. ఆ తర్వాత రోల్‌ని పడకగదికి మార్చి, పాత కాటన్ దుప్పటితో తొడుగు కుట్టి, రెండు చివర్లూ తాడుతో బిగించాను. మన వంటలున్న ఇంట్లో ఈ జాగ్రత్త ప్యాకెట్లకి అక్కర్లేదు, రోల్‌కి తప్పదు. చెమ్మ తగిలే గరాజ్‌లో కూడా పెట్టకండి.

చోటు లేదు, ధర మాత్రం కలిసొస్తోంది అనిపిస్తే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక రోల్ కొనుక్కోండి. మేము ముగ్గురం అలాగే చేశాం. మా వసారాలో రోల్ దొర్లించి, తలా పది గజాలు కత్తిరించుకున్నాం. టేపు ఒకరు, కత్తెర ఒకరు, లేబుల్ ఫొటో ముగ్గురికీ.

ఇంటికి తెచ్చాక

ప్యాకెట్‌లో బ్యాటింగ్‌ని బాగా నొక్కి మడిచి ఉంచుతారు, మడతలు గట్టిగా పడి ఉంటాయి. కుట్టే ముందురోజే సంచి విప్పి మంచం మీద పరిచి వదిలేయండి. అప్పటికీ పోకపోతే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద, ఒక తడి తువ్వాలుతో కలిపి పది నిమిషాలు తిప్పండి. కాటన్‌దైతే కాస్త ఆవిరి పట్టొచ్చు. పాలిస్టర్‌దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టొద్దు, కరిగి అణిగిపోతుంది. రోల్ ముక్కకి మధ్యలో ఒక్క మడతే ఉంటుంది, అది తేలిగ్గానే పోతుంది. లేబుల్ మీద చెప్తే తప్ప దేన్నీ విడిగా ఉతకకండి. నీళ్లలో పడ్డాక దాని బరువుకి అదే సాగి చిరిగే ప్రమాదం ఉంది.

పరిచేముందు రెండు చేతులతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నెమ్మదిగా లాగి చూడండి. ఒకవైపు ఎక్కువ సాగుతుంది. గోడకి వేలాడదీసేదైతే ఆ సాగే వైపు అడ్డంగా వచ్చేలా పెట్టండి. నిలువుగా పెడితే కాలం గడిచేకొద్దీ కిందికి జారుతుంది.

మిగిలిన పట్టీలని కలపడం

ప్యాకెట్ అయినా రోల్ అయినా పట్టీలు మిగులుతాయి. పారేయకండి. ఒకే రకంవి రెండు తీసుకుని, అంచులు రెండంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరవండి. ఆ రెండంగుళాల మధ్య రోటరీ కట్టర్‌తో (చక్రం లాంటి బ్లేడు ఉన్న కత్తి) మెలికలుగా, కాలవ పారినట్టు ఒక గీత కోయండి. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి పీలికలు తీసేస్తే రెండు అంచులూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి. వాటిని పక్కపక్కన ఆనించి, మిషన్‌లో వీలైనంత వెడల్పు జిగ్‌జాగ్‌తో కుట్టండి. లాగకూడదు, మిషన్ దానంతటదే తీసుకోవాలి. లాగితే అతుకు అలలుగా లేస్తుంది. అంచు మీద అంచు ఎక్కించి కుట్టడం కూడా వద్దు, క్విల్ట్ అయ్యాక చేతికి గట్టు తగులుతుంది. గీత సూటిగా కోస్తే కుట్టేటప్పుడు సులువే కానీ, క్విల్ట్ మడిచినప్పుడల్లా సరిగ్గా అక్కడే విరిగినట్టు కనిపిస్తుంది. అందుకే మెలికలు.

కాటన్ పట్టీకి 80/20 పట్టీ కలపొద్దు. మందం కలవదు, ఉతికాక కుదింపూ కలవకపోవచ్చు, అప్పుడు అతుకు దగ్గర టాప్ ముడుచుకుంటుంది. అందుకని ప్రతి పట్టీ అంచున దాని పేరు, 4 అంగుళాలదో 10 అంగుళాలదో, పెన్సిల్‌తో చిన్నగా రాసి చుట్టి పెడతాను.

ఇండియాలో కుట్టేవాళ్లకి

అక్కడ బట్టల సామాను అమ్మే షాపుల్లో ఎక్కువగా కనబడేది పాలిస్టర్ వాడింగ్ రోల్. మీటర్ల లెక్కన కట్ చేసి ఇస్తారు, మందాన్ని జీఎస్ఎమ్‌లో చెప్తారు, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని. అమెరికా డిజైన్లలో చదరపు గజానికి 4 ఔన్సులు అని చూస్తే అది సుమారు 136 జీఎస్ఎమ్. అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, రోల్ వెడల్పు. పైన చెప్పిన కాగితం లెక్క అంతా అంగుళాలకి బదులు సెంటీమీటర్లలో అలాగే వేసుకోవచ్చు, అంగుళానికి 2.54.

కాటన్ కావాలని పరుపులు కుట్టేవాళ్ల దగ్గర ఏకిన దూది తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. వేడికి, మెత్తదనానికి దానికి సాటి లేదు. కానీ అది అతుక్కుని ఉన్న పొర కాదు, విడి దూది. సూదితో గుచ్చింది కాదు, వలా లేదు. వరసలు దూరంగా కుడితే రెండు ఉతుకులకే ఒకచోట ఉండలు, ఇంకోచోట ఖాళీ. మా అమ్మమ్మ దూది పెట్టి కుట్టిన పిల్లల పరుపు మీద నా చూపుడువేలు, మధ్యవేలు కలిపి పెడితే రెండు వరసల మధ్య సరిగ్గా సరిపోయేవి. విడి దూది వాడితే మీ వరసలు కూడా ఆ దూరంలోనే వేయండి.